బలానికి పథ్యం: యొరూబా ఆత్మరక్షణ ఔషధాలపై నైతిక విచారణ

యొరూబా ప్రజలు ప్రధానంగా నైజీరియా నైరుతి ప్రాంతంలోను, దానికి పడమట ఉన్న బెనిన్, టోగో దేశాల కొన్ని భాగాలలోను నివసిస్తారు. వారి వైద్య సంప్రదాయంలో రోగాన్ని తగ్గించే మందులతోపాటు దేహానికి బలాన్నిచ్చే మందులకు, శత్రువు నుంచి, మృగం నుంచి, ఆయుధం నుంచి కాపాడే మందులకు విశిష్టస్థానం ఉంది. ఆకులు, వేళ్లు, బెరడులు, గింజలు చేర్చి నూరి, కాచి, మాడ్చి తయారుచేసే ఈ మందులను తాగుతారు, ఒంటికి రాసుకుంటారు, చర్మంపై సన్నని గాట్లు పెట్టి వాటిలో రుద్దుకుంటారు, తోలులో కుట్టి నడుముకో దండకో కట్టుకుంటారు. వీటిని గురించి వెలువడిన రచనలలో స్థూలంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. వలసపాలన కాలపు మిషనరీలు, అధికారులు పలువురు వీటిని మూఢవిశ్వాసాలని తోసిపుచ్చారు. తరువాతి తరం పండితులు కొందరు వీటిని సంకేతాలుగా, ఒక సమాజం తన భయాలను చెప్పుకొనే భాషగా వ్యాఖ్యానించారు. మొదటిది పరిహాసం, రెండవది గౌరవం.

పరస్పర విరుద్ధాలుగా తోచే ఈ రెండు ధోరణులూ ఒకచోట కలుస్తాయి. రెండూ మందు ఇచ్చినవానిని బాధ్యత నుంచి తప్పిస్తాయి. అంతా మూఢత్వమే అనుకుంటే ఇచ్చినవాడూ పుచ్చుకొన్నవాడూ సమానంగా అమాయకులవుతారు. అంతా సంకేతమే అనుకుంటే సంకేతం విఫలమైందనే ఫిర్యాదుకు చోటుండదు. కాని తుపాకి ఎదుట నిలబడిన మనిషి సంకేతాన్ని నమ్ముకొని నిలబడడు. గుండు తన దేహాన్ని తాకదని మరొకరు చెప్పిన మాటను నమ్ముకొని నిలబడతాడు. ఆ మాట ఇచ్చినవాడు అతనికి ఏ మేరకు బాధ్యుడు? బలం కోరినవానికి బలం ఇవ్వడం ఎప్పుడు ధర్మమవుతుంది, ఎప్పుడు అధర్మమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం కోసం బయటి కొలమానాలను అరువు తెచ్చుకోనవసరం లేదు. యొరూబా ఆలోచనా సంప్రదాయంలోనే ఎరుక, నిషేధం, శీలం అనే మూడు భావనలు అందుకు తగిన పరీక్షను సమకూర్చుతున్నాయని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

పదం, దాని పరిధి

యొరూబా భాషలో మందుకు వాడే మాట ‘ఓగున్’. యొరూబా స్వరభేదంతో అర్థం మారే భాష కనుక ఇనుముకు, వేటకు, యుద్ధానికి అధిదేవత అయిన ‘ఒగున్’ పేరుతో దీనిని కలపరాదు. ఓగున్ అన్న పదం జ్వరానికి ఇచ్చే కషాయాన్ని, ఆపద రాకుండా కట్టుకొనే తాయెత్తును, శత్రువుకు కీడు తలపెట్టి చేసే ప్రయోగాన్ని కూడా సూచిస్తుంది. ఆంగ్లంలోకి అనువదించేవారు సందర్భాన్ని బట్టి మూడు వేర్వేరు మాటలు వాడవలసి వస్తుంది. తెలుగు పాఠకుడికి ఈ ఇబ్బంది లేదు. తెలుగులో ‘మందు’ రోగిని బతికిస్తుంది. పురుగుల మందు చంపుతుంది. తుపాకి మందు పేలుతుంది. ఒకరికి తెలియకుండా వారిని లోబరచుకోవడానికి తినిపించేదాన్నీ ‘మందు పెట్టడం’ అనే అంటారు. మేలుకూ కీడుకూ ఒకే నామవాచకం ఉన్నప్పుడు మంచిచెడ్డలను ఆ నామవాచకం తేల్చలేదు. దానితో ఏమి చేస్తారన్న క్రియ తేల్చాలి.

ఈ విషయాన్ని సాధికారికంగా గ్రంథస్థం చేసినవాడు పియర్ వెర్జే. 1902లో పారిస్‌లో పుట్టిన ఈ ఛాయాచిత్రకారుడు పశ్చిమాఫ్రికాకు వెళ్లి, 1953లో ఇఫా సంప్రదాయంలో దీక్ష పొంది, ఫాతుంబి అనే పేరు స్వీకరించాడు. యొరూబా సమాజంలో మొక్కల వినియోగంపై ఆయన రచించిన ‘ఎవె’ అనే బృహద్గ్రంథం 1995లో వెలువడింది. ఎవె అంటే ఆకు. అందులోని 447 యోగాలను ఆయన ఆరు వర్గాలుగా విభజించాడు. రోగనివారణకు, సంతానానికి, దేవతారాధనకు, శుభప్రాప్తికి సంబంధించిన నాలుగు వర్గాల తరువాత, ఇతరులకు కీడు చేసే ‘అబీలు’, ఆ కీడు నుంచి కాపాడే ‘ఇదాబొబొ’ అనే రెండు వర్గాలు పక్కపక్కనే ఉంటాయి. గాయం చేసే విద్య, గాయం కాకుండా చూసే విద్య ఒకే వనమూలికల భాండాగారం నుంచి పుట్టాయన్న సత్యాన్ని ఆ విభజన దాచిపెట్టలేదు. రక్షణ అన్న పేరు ఉన్నంత మాత్రాన ఒక మందు నిర్దోషం కాదన్న గ్రహింపు విచారణకు తొలిమెట్టు.

ఆకు, మాట, దేహం

ఆత్మరక్షణ ఔషధాల తయారీలో మూడు అంగాలు ప్రధానం. మొదటిది ఆకు. రెండవది దానిపై ఉచ్చరించే ‘ఒఫొ’ అనే మంత్రోక్తి. మూడవది ఆ రెండింటినీ ధరించే దేహం. ఒఫొలో ఆకు పేరులో దాగిన క్రియను మేల్కొలిపే పద్ధతి ఉందని వెర్జే వివరించాడు. తెలుగువారు రణపాల అని పిలిచే మొక్కను యొరూబాలు ‘అబామొదా’ అంటారు. ‘అబా’ అంటే తలపు, ‘దా’ అంటే సృష్టించు. ఆకు అంచు నుంచే కొత్త మొక్కలు పుట్టుకొచ్చే ఈ మొక్క పేరులో తలచినది రూపొందాలన్న కోరిక ఉంది. మంత్రోక్తి ఆ కోరికను బిగ్గరగా పలుకుతుంది. ఆకు గుణం, ఆకు పేరు, కోరేవాని సంకల్పం ఒకే మాటలో కలుస్తాయి. మందు పనిచేయడమంటే ఈ మూడూ కలిసి పనిచేయడమన్నది వైద్యుని భావన.

తయారైన మందు దేహాన్ని చేరే మార్గాలు పలువిధాలు. ‘అగ్బొ’ అనే కషాయాన్ని ఒంటినొప్పులకు, నీరసానికి, నడుము బలానికి తాగుతారు. చర్మంపై చిన్న గాట్లు పెట్టి మాడ్చిన మూలికల నల్లపొడిని రుద్దడాన్ని ‘గ్బెరె’ అంటారు. తోలులోనో గుడ్డలోనో కుట్టిన తాయెత్తు ‘ఒందె’. దండకు కట్టేది ‘ఇఫున్పా’. కత్తివేటు దిగకుండా చేస్తుందనేది ‘ఒకిగ్బె’; తుపాకి గుండును తప్పిస్తుందనేది ‘అయెటా’. వీటన్నిటిలో తాత్త్వికంగా విశేషమైన మాట ‘అజెసారా’. ‘తిని ఒంటికి పట్టించుకొన్నది’ అని దాని వ్యుత్పత్త్యర్థం. ముందే లోపలికి తీసుకొన్న మందు తరువాత రాబోయే ఆపదను దేహంలోనే ఎదుర్కొంటుందన్నది ఆ మాటలోని ఊహ. ఆధునిక యొరూబాలో టీకా మందుకు ఇదే పదం స్థిరపడింది. టీకాను ‘అజెసారా సూది’ అంటారు. కొత్త శాస్త్రానికి పాత సంప్రదాయం తన మాటను ఇచ్చిన ఉదాహరణగా దీనిని చెప్పుకోవచ్చు. ఆ మాటతోపాటు పాతదానిపై ఉన్న నమ్మకం కొత్తదానికి, కొత్తదానికి ఉన్న ప్రామాణికత పాతదానికి తెలియకుండా సంక్రమించే అవకాశమూ ఉంది. ఈ సంక్రమణమే తరువాతి చర్చకు కీలకం.

అవసరం ఎక్కడ పుట్టింది

ఒంటికి ఆయుధం తగలకూడదన్న కోరికను పరిహసించేముందు అది ఏ పరిస్థితిలో పుట్టిందో చూడాలి. అడవిలో ఒంటరిగా తిరిగే వేటగాడు యొరూబా సమాజంలో ఊరికి కాపలాదారు కూడా. మృగాన్నీ, పామునూ, దారికాచే శత్రువునూ అతడే ముందు ఎదుర్కోవాలి. 1938లో వెలువడిన డి. ఒ. ఫగున్వా నవల ‘ఒగ్బోజు ఒదె నిను ఇగ్బో ఇరున్మలె’ కథానాయకుడైన వేటగాడికి అకారా-ఓగున్ అని పేరు. మందుల పుట్ట అని చెప్పదగిన ఆ పేరే వేటగాడికీ మందుకూ ఉన్న సంబంధాన్ని సూచిస్తుంది.

19వ శతాబ్ది చరిత్ర ఈ అవసరాన్ని వేటగాడి నుంచి సామాన్యుని వరకు విస్తరింపజేసింది. పాత ఒయొ సామ్రాజ్యం కూలిన తరువాత యొరూబా దేశం దాదాపు శతాబ్దం అంతా అంతర్యుద్ధాలలో గడిపింది. 1829 ప్రాంతంలో యుద్ధశిబిరంగా మొదలైన ఇబాదాన్ ఒక సైనికనగరంగా ఎదిగింది. దాని ఆధిపత్యంపై ఎకిటి, ఇజెషా ప్రాంతాలు కూటమి కట్టి సాగించిన కిరిజి యుద్ధం 1877 నుంచి 1893 వరకు, 16 సంవత్సరాలు నడిచింది. ఓడిన ఊళ్ల జనాన్ని బానిసలుగా పట్టుకుపోవడం ఆ యుద్ధాలలో పరిపాటి. పొలానికి వెళ్లిన మనిషి సాయంత్రం ఇంటికి తిరిగి వస్తాడన్న హామీ లేని రోజులవి. రాజ్యం కాపాడలేనప్పుడు మనిషి ఆకును ఆశ్రయించాడు. యోధులు తాయెత్తులు కుట్టిన అంగీలు తొడుక్కొన్నారు. ఆ కోరిక వెనుక ఉన్నది అజ్ఞానం మాత్రమే అనడం చరిత్రకు న్యాయం చేయదు. అక్కడ నిస్సహాయత ఉంది.

అయితే కోరిక న్యాయమైనదైతే దానికి ఇచ్చే సమాధానం కూడా న్యాయమైనదని అర్థం కాదు. నిస్సహాయుడు అడిగినప్పుడే ఇచ్చేవాని బాధ్యత పెరుగుతుంది. అడిగేవాడు పరీక్షించి చూసుకొనే స్థితిలో ఉండడు.

ఎరుక: చూసినది, విన్నది

ఈ బాధ్యతను కొలవడానికి యొరూబా జ్ఞానమీమాంసలోని ఒక భేదం ఉపయోగపడుతుంది. ఇఫె విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించిన బారీ హాలెన్, జె. ఒ. సొదిపొ అనే ఇద్దరు పండితులు ‘ఒనిషెగున్’లతో, అంటే సంప్రదాయ వైద్యులతో, దీర్ఘకాలం సంభాషణలు జరిపి 1986లో ఒక గ్రంథం ప్రకటించారు. వైద్యులను సమాచారం అందించే సాక్షులుగా కాక సాటి తాత్త్వికులుగా పరిగణించడం ఆ గ్రంథం ప్రత్యేకత. వారి విశ్లేషణ ప్రకారం యొరూబాలో ‘ఇమొ’ వేరు, ‘ఇగ్బాగ్బొ’ వేరు. స్వయంగా కంటితో చూసి, మనసుతో గ్రహించి, అది నిజమని నిర్ధారించుకొన్నదే ఇమొ. మరొకరు చెప్పగా విని అంగీకరించినది ఇగ్బాగ్బొ. ‘గ్బా’ అంటే స్వీకరించు, ‘గ్బొ’ అంటే విను. తాతముత్తాతల నుంచి వచ్చిన విద్య అయినా, బడిలో చదివిన పుస్తకం అయినా, స్వయంగా చూడనంతవరకు అది ఇగ్బాగ్బొ మాత్రమే. పరీక్షకు నిలిచిన తరువాతే అది ఇమొ అవుతుంది.

భారతీయ ప్రమాణ విచారం తెలిసినవారికి ప్రత్యక్ష, శబ్ద ప్రమాణాలు గుర్తుకు రావడం సహజం. కాని ఒక తేడా ఉంది. న్యాయదర్శనంలో ఆప్తవాక్యం స్వతంత్ర ప్రమాణం; దాని వల్ల కలిగినది కూడా యథార్థజ్ఞానమే. ఒనిషెగున్‌ల విభజనలో ఎంతటి ఆప్తుడు చెప్పినా విన్నది విన్నదే. శబ్దానికి అంత గౌరవమిచ్చే మౌఖిక సంస్కృతిలో వినికిడిని ఇంత జాగ్రత్తగా వేరుచేయడం గమనార్హం. బహుశా మాట మీదే బతికే సమాజానికి మాట ఎక్కడ మోసం చేయగలదో ఎక్కువ తెలుసు.

ఈ భేదాన్ని ఔషధాలకు అన్వయిస్తే ఒక స్పష్టత వస్తుంది. యొరూబా వైద్యులకు కొన్ని మూలికల విషయంలో నిశ్చయంగా ఇమొ ఉంది. మతిభ్రమణానికి వారు వాడిన మొక్కలలో ఒకటి ‘అషొఫెయెజె’. ‘పక్షులు తినడానికి కాయలు కాసేది’ అని ఆ పేరుకు అర్థం. వృక్షశాస్త్రరీత్యా అది మన సర్పగంధికి దగ్గరి చుట్టం. ఒకే ప్రజాతికి చెందిన మొక్క. భారతదేశంలో సర్పగంధిని ఉన్మాదానికి వాడారు. ఆ ప్రజాతి నుంచి 1952లో వేరుచేసిన రిసర్పిన్ ఆధునిక మనోవైద్యంలోనూ, రక్తపోటు చికిత్సలోనూ ప్రవేశించింది. ఒకరినొకరు ఎరుగని రెండు సంప్రదాయాల వైద్యులు రోగి పక్కన కూర్చుని, మందు ఇచ్చి, ఫలితం చూసి, ఒకే చోటికి చేరారు. 1954లో అబెయొకుటా సమీపంలోని ఆరో మానసిక వైద్యశాలలో పని ప్రారంభించిన మనోవైద్యుడు టి. ఎ. లాంబో సంప్రదాయ వైద్యులను తన చికిత్సావిధానంలో భాగస్వాములను చేయడం వెనుక ఇటువంటి అనుభవజ్ఞానంపై గౌరవం ఉంది.

కాని అషొఫెయెజె సత్యం అయెటాకు హామీ కాదు. రోగికి మందు ఇచ్చి పదిరోజులు చూసిన వైద్యునికి తాను చూసినది తెలుసు. గుండు తప్పించే మందు ఇచ్చిన వైద్యుడు సాధారణంగా ఆ గుండు పేలినచోట ఉండడు. అతనికి చేరేది బతికివచ్చిన వాని కథ. చనిపోయినవాడు కథ చెప్పడానికి తిరిగిరాడు. కనుక అయెటా విషయంలో లోకంలో పోగయ్యే సాక్ష్యమంతా ఒకవైపుదే. అది పరంపరగా వచ్చిన ఇగ్బాగ్బొ. దానిని ఇమొగా అమ్మే వైద్యుడు యొరూబా ప్రమాణాల ప్రకారమే తప్పు చేస్తున్నాడు. తనకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి, ఎదుటివాని ప్రాణాన్ని ఆ మాటపై పందెంగా పెట్టిస్తున్నాడు. తెల్లవారి శాస్త్రం పేరుతో చేసే ఖండన కంటే ఈ ఖండన లోతైనది. ఇది ఆ సంప్రదాయం తన కొడుకును తానే నిలదీయడం.

నిషేధం: ముందు నియమం, తరువాత సాకు

ప్రతి బలమైన మందుకూ ఒక ‘ఏవొ’ ఉంటుంది. చేయరానిది, తినరానిది, తాకరానిది అని దాని అర్థం. తెలుగులో దీనికి దగ్గరి మాట పథ్యం. అయితే పథ్యం ప్రధానంగా ఆహారానికి సంబంధించినది. ఏవొ పరిధి మొత్తం నడవడికి వ్యాపిస్తుంది. ఫలానా పదార్థం తినకూడదు, వాడేముందు స్త్రీసాంగత్యం కూడదు, తాయెత్తు నేలను తాకకూడదు, దొంగతనానికి వాడకూడదు అన్నవి తరచు వినిపించే షరతులు. షరతు తప్పితే మందు శక్తి పోతుందని నమ్మకం.

మందు విఫలమైనప్పుడు ఏవొ తప్పిందని చెప్పి నమ్మకాన్ని నిలబెట్టుకోవడం చాలా సంప్రదాయాలలో ఉన్నదే. 1937లో సూడాన్ ప్రాంతపు అజాండే ప్రజలపై వెలువడిన గ్రంథంలో ఇవాన్స్-ప్రిచర్డ్ ఇటువంటి సమర్థనలను నిశితంగా విశ్లేషించాడు. ప్రతి వైఫల్యానికీ వ్యవస్థలోనే ఒక కారణం సిద్ధంగా ఉంటుంది కనుక వ్యవస్థ ఎన్నడూ ఓడిపోదు. ఈ విమర్శ ఏవొకూ వర్తిస్తుంది. గుండు తగిలి పడిపోయినవాడు ఏదో నియమం తప్పే ఉంటాడని చెప్పడం చనిపోయినవానిపై నేరం మోపడమే. తనను తాను సమర్థించుకోలేని వానిపై మోపే నేరం కనుక అది మరింత దారుణం. ఈ నేరం తరచు స్త్రీల మీదికి కూడా మళ్లుతుంది. బహిష్టు అయిన స్త్రీ స్పర్శ వల్ల మందు చెడుతుందన్న ప్రచారం మందు వైఫల్యానికి ఇంటి ఆడవారిని జవాబుదారులను చేస్తుంది.

ఇంతమాత్రాన ఏవొను సాకుగా తోసిపుచ్చితే అసలు విషయం చేజారుతుంది. ఏవొకు రెండు కాలాలు ఉన్నాయి. సంఘటన తరువాత అది వివరణ. అప్పుడది బలహీనం, అన్యాయం. సంఘటనకు ముందు అది నియమం. అప్పుడు దాని పని వేరు. గుండు తగలని వాడిని, కత్తి దిగని వాడిని ఒక ఊరు ఊహించుకొంటే, వెంటనే పుట్టే భయం ఒకటుంది. వాడిని ఇక ఎవరు ఆపగలరు? నొప్పి తెలియనివాడికి ఎదుటివాని నొప్పి ఎలా తెలుస్తుంది? శిక్షకు అందనివాడు న్యాయానికి ఎందుకు లోబడతాడు? ఏవొ ఈ భయానికి సమాధానం. అభేద్యుడిగా మారిన మనిషికి అది మళ్లీ ఒక భేద్యస్థానాన్ని కల్పిస్తుంది. దొంగతనానికి వెళితే మందు పోతుంది. నిరపరాధిని కొడితే మందు పోతుంది. బలవంతుడు తన బలాన్ని కాపాడుకోవాలంటే తన నడవడిని కాపాడుకోవాలి. బలానికి పథ్యం పెట్టడమంటే ఇదే.

ఈ రెండు కాలాలనూ విడదీసి చూసినప్పుడు ఒక సూత్రం తేలుతుంది. ఏవొను మందు పుచ్చుకొనేవాని చేతులు కట్టడానికి వాడినంతవరకు అది నీతి. మందు ఇచ్చినవాని చేతులు కడుక్కోవడానికి వాడినప్పుడు అది అవినీతి. ఒకే నిషేధం, అదే మాటలతో, ఈ రెండు పనులూ చేయగలదు.

శీలం: మందు కంటె ముందున్నది

యొరూబా నీతివిచారంలో కేంద్రస్థానం ‘ఇవా’ది. ఇవా అంటే శీలం, నడవడి. శీలమే సౌందర్యమన్న అర్థం గల సామెత యొరూబాలందరి నోటా ఉంటుంది. ఇఫా వాఙ్మయాన్ని అధ్యయనం చేసిన వాండె అబింబొలా ఈ భావనపై 1975లో ప్రకటించిన వ్యాసంలో ఒక గాథను చర్చించాడు. సకలజ్ఞానానికి అధిదేవత అయిన ఒరున్మిలాకు ఇవా అనే భార్య ఉండేది. ఆమె ఓర్పుకు కుమార్తె. ఆమెను సరిగా చూసుకోలేక ఆయన పోగొట్టుకొన్నాడు. ఆమె వెళ్లిన తరువాత ఆయన వైభవమంతా క్షీణించింది. ఆమెను వెదుక్కుంటూ ఊరూరా తిరిగాడు. ఇఫాలోని 256 ఒదుల జ్ఞానమంతా చేతిలో ఉన్నవాడు శీలం లేక దరిద్రుడయ్యాడన్నది గాథాసారం. జ్ఞానం శీలానికి ప్రత్యామ్నాయం కాదన్నప్పుడు బలం మాత్రం ఎలా అవుతుంది?

ఇటీవలి చరిత్ర ఈ ప్రశ్నను ప్రత్యక్షంగా మన ముందుంచుతుంది. 1968–69లో నైజీరియా పశ్చిమ రాష్ట్రంలో కోకో రైతులు పన్నుల భారానికి, వసూలుదారుల దౌర్జన్యానికి వ్యతిరేకంగా తిరగబడ్డారు. ‘రైతులు కష్టాన్ని తిరస్కరిస్తున్నారు’ అన్న అర్థం గల అగ్బెకొయా అనే పేరుతో ఆ ఉద్యమం ప్రసిద్ధం. సాయుధ పోలీసులను ఎదుర్కొన్న ఆ రైతులలో చాలామంది రక్షణ ఔషధాలను నమ్ముకొన్నారు. ప్రాణనష్టం జరిగింది; చివరికి ప్రభుత్వం పన్నుల విషయంలో దిగివచ్చింది. ఇక్కడ మందు ఏమి చేసింది? గుండును ఆపి ఉండదు. భయాన్ని ఆపింది. విడివిడిగా లొంగిపోయే మనుషులను కలిసి నిలబెట్టింది. ఈ ఫలితాన్ని చూపి, మందు పనిచేసినా చేయకపోయినా ధైర్యం నిజమే కదా, దానికి మూల్యం ఉంది కదా అని వాదించవచ్చు.

ఈ వాదంలో సగం సత్యం ఉంది. అడవిలో వణికే చేతితో బాణం వేసేవాడి కంటె నిబ్బరంగా వేసేవాడు బతుకుతాడు. అక్కడ ధైర్యం ప్రమాదాన్ని నిజంగా తగ్గిస్తుంది. తుపాకి ఎదుట పరిస్థితి వేరు. అక్కడ భయం చేసే మేలు దాక్కోమని చెప్పడం. ఆ భయాన్ని తీసివేసే మందు మనిషిని కాపాడే చివరి కాపలాదారును తొలగిస్తుంది. కనుక ధైర్యం ఇవ్వడం అన్నివేళలా ఉపకారం కాదు. రైతు తన ప్రాణాపాయాన్ని తెలిసి, అయినా కష్టాన్ని తిరస్కరించడానికి నిలబడితే అది అతని ధైర్యం. అపాయం లేదని నమ్మించి నిలబెడితే అది అతని ధైర్యం కాదు. అతని నిర్ణయాన్ని మరొకరు దొంగిలించడం. అగ్బెకొయా రైతులలో ఈ రెండు రకాలవారూ ఉండి ఉంటారు. వారి పోరాటపు న్యాయం మందు మీద ఆధారపడలేదు; మందు లేకపోయినా వారి ఫిర్యాదు న్యాయమైనదే.

1993 జూన్ 12 నాటి ఎన్నికల ఫలితాన్ని సైనికప్రభుత్వం రద్దుచేసిన తరువాత, 1994లో ఒడుదువా పీపుల్స్ కాంగ్రెస్ ఏర్పడింది. యొరూబా ప్రయోజనాల కోసం మొదలైన ఆ సంస్థ క్రమంగా వీధుల కాపలా బాధ్యతనూ చేపట్టింది. దాని సభ్యులలో రక్షణ ఔషధాల వాడకం ప్రసిద్ధమే. దొంగల భయంతో ఉన్న వీధులకు వారు ఊరట ఇచ్చారన్నవారూ ఉన్నారు; విచారణ లేకుండా మనుషులను శిక్షించారని మానవహక్కుల సంస్థలు ఆరోపించాయి. తమను ఎవరూ గాయపరచలేరని నమ్మే గుంపుకు ఇతరులను శిక్షించే అధికారం చిక్కినప్పుడు ఏవొ పెట్టేవారు ఎవరు? ఒంటరి వేటగాడికి అతని గురువు నియమం పెట్టగలడు; ఊరు అతనిని ఎరుగును. వేలమంది సభ్యులున్న సంస్థలో మందు పంచబడుతుంది, నియమం పంచబడదు. ఇవాను పరీక్షించే కంటికి అంత చూపు ఆనదు.

వలసకాలంలో రూపొందిన నైజీరియా నేరస్మృతి ఈ విషయంలో ఒక ఆసక్తికరమైన వైఖరి తీసుకొంది. దొంగలకు, దోపిడీదారులకు రక్షణ కల్పిస్తుందని ప్రతీతి ఉన్న తాయెత్తును తయారుచేయడం, అమ్మడం నేరం. ఆ తాయెత్తు నిజంగా పనిచేస్తుందా అని చట్టం అడగదు. దేనికోసం తయారైందని అడుగుతుంది. ఉద్దేశాన్ని పట్టుకోవడంలో చట్టం ఏవొకు దగ్గరగా వచ్చింది. కాని సజ్జనుడికి తప్పుడు హామీ ఇచ్చి అతని ప్రాణం తీసే మందు విషయం ఆ నిబంధన పరిధిలోకి రాదు. ఆ వెలితిని ఎరుక అనే పరీక్ష మాత్రమే పూరించగలదు.

విపణిలో బలం

నేడు లాగోస్, ఇబాదాన్ వంటి నగరాలలో బలం వీధిలో దొరుకుతుంది. స్త్రీలు గిన్నెలలో, సీసాలలో అగ్బొ పెట్టుకొని అమ్ముతారు. రోజంతా బరువులు మోసే కూలీలు, డ్రైవర్లు దానితో ఒళ్లునొప్పులు తీర్చుకొంటారు. మూలికలను సారాలో నానబెట్టిన ‘పరాగా’ బస్సు నిలయాల దగ్గర అమ్ముడవుతుంది. బలం కోసం తాగిన డ్రైవరు బండి నడిపినప్పుడు ఆ బలం ఎవరికి ఆపద తెస్తుందో చెప్పనక్కరలేదు. 1993లో ఏర్పడిన ఆహార, ఔషధ నియంత్రణసంస్థ మూలికామందులకు కూడా నమోదు విధానం ఏర్పరచింది. వీధిసీసా చాలావరకు దాని చూపుకు అందదు. గ్బెరె గాట్లకు ఒకే బ్లేడు పలువురికి వాడితే రక్తం ద్వారా వ్యాపించే రోగాలు సోకుతాయి. ఆపదను ఆపడానికి తెరిచిన చర్మమే ఆపదకు ద్వారమవుతుంది. కొత్తగా కట్టుకొన్న అయెటాను పరీక్షించబోయి ప్రాణాలు పోగొట్టుకొన్నవారి వార్తలు నైజీరియా పత్రికలలో పలుమార్లు వచ్చాయి.

ఈ చివరి వార్తలలో ఒక విషాదకరమైన తర్కం ఉంది. మందును పరీక్షించబోయినవాడు, విన్నదాన్ని చూసినదిగా మార్చుకోవాలనుకొన్నాడు. ఇగ్బాగ్బొను ఇమొ చేసుకోవాలనుకొన్నాడు. జ్ఞానమార్గంలో అతను వేసిన అడుగు సరైనదే. కాని ఆ పరీక్షను తన దేహంపై చేయవలసిన భారం అతనిది కాదు, మందు ఇచ్చినవానిది. వైద్యుడు తానుగా చూసి తెలుసుకోవలసినదాన్ని కొనుగోలుదారు చనిపోయి తెలుసుకొన్నాడు. సంప్రదాయంలో వైద్యుడు, రోగి ఒకే ఊరివారు. మందు విఫలమైతే ఆ కుటుంబాన్ని రేపు మళ్లీ చూడవలసివచ్చేది. ఆ ముఖాముఖి చూపు తప్పుడు హామీకి కొంత అడ్డుకట్ట. వీధి విపణి ఆ చూపును తొలగించింది. మందును, దాని పేరును, దాని ప్రతిష్ఠను మాత్రం మిగిల్చింది. పథ్యం చెప్పేవాడు లేని మందు, ఎరుక లేని హామీ, శీలం అడగని బలం అక్కడ ఒకే సీసాలో దొరుకుతాయి.

కనుక తప్పును ఓగున్ సంప్రదాయానికి మొత్తంగా ఆపాదించడం సరికాదు. సంప్రదాయం పేరు చెప్పి దానిని విమర్శకు అతీతం చేయడమూ సరికాదు. బలాన్నిచ్చే ఏ మందునైనా మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఇచ్చేవాడు చూసి తెలుసుకొన్నాడా, విని చెబుతున్నాడా? పుచ్చుకొనేవానికి ఏ నియమం పెట్టాడు? ఆ నియమం తప్పినా తప్పకపోయినా, కీడు జరిగితే తాను జవాబు చెబుతాడా? మొదటి ప్రశ్న ఎరుకది, రెండవది నిషేధానిది, మూడవది శీలానిది. మొదటి రెండు ప్రశ్నలు ఆ సంప్రదాయం ఎప్పటినుంచో అడుగుతున్నవే. మూడవదాన్ని మాత్రం అది పుచ్చుకొనేవానిని అడిగినంత గట్టిగా ఇచ్చేవానిని అడగలేదు. ఇవా అనే భావన ఇద్దరికీ వర్తించేది కనుక, ఆ లోటును పూరించుకొనే సామగ్రి కూడా అక్కడే ఉంది.

మూలికలకు అధిదేవత అయిన ఒసాన్యిన్‌ను యొరూబా గాథలు ఒక కన్ను, ఒక చేయి, ఒక కాలు మాత్రమే ఉన్నవానిగా వర్ణిస్తాయి. ప్రతి ఆకు గుణమూ అతనికి తెలుసు. పొలంలో కలుపు తీయమని పంపితే, ఇది ఫలానా రోగానికి మందు, అది ఫలానా దానికి మందు అని ఒక్క మొక్కనూ కోయలేకపోయాడని మరొక గాథ చెబుతుంది. అంతటి వైద్యుడి దేహం అభేద్యమని ఆ సంప్రదాయం ఊహించలేదు. వికలాంగదేహంతోనే అతనిని పూజించింది. అన్ని మందులూ తెలిసినవాడు తన దేహంలోని లోటును దాచుకోకుండా నిలబడి ఉన్న ఆ రూపం ఎదుట, గాయమే తగలదని హామీ ఇచ్చే ఏ వైద్యుడైనా ముందు తన మాటకు సాక్ష్యం చూపవలసి ఉంటుంది.